ఇంకో లాంచర్ అంటే ఎందుకంత చిరాకు

2019 జనవరి చివరి వారం. మెట్రో ఎక్సోడస్ అనే గేమ్ విడుదలకు ఇంకా మూడు వారాలు కూడా లేదు. నెలల తరబడి స్టీమ్ అనే ఆన్‌లైన్ పీసీ గేమ్ స్టోర్‌లో ప్రీ ఆర్డర్లు తీసుకుంటున్న ఆ గేమ్ పేజీలో ఒకరోజు ఉన్నట్టుండి ఓ నోట్ కనిపించింది. అమ్మకం ఇవాళ్టితో ఆగిపోతుంది, ఇది పబ్లిషర్ తీసుకున్న నిర్ణయం, ఇంతకాలం ప్రీ ఆర్డర్లు తీసుకుని ఇప్పుడిలా చేయడం స్టీమ్ కస్టమర్లకు అన్యాయమని మా అభిప్రాయం అన్నది దాని సారాంశం. అప్పటికే కొన్నవాళ్లకు గేమ్ స్టీమ్‌లోనే వస్తుంది, తర్వాతి అప్‌డేట్లూ వస్తాయి. కొత్తగా కొనాలనుకునేవాళ్లు మాత్రం ఏడాది పాటు ఎపిక్ గేమ్స్ స్టోర్‌కే వెళ్లాలి. ఆ స్టోర్ తెరిచి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు.

తమాషా ఏమిటంటే, అమెరికాలో ఆ గేమ్ ధర ఎపిక్‌లో పది డాలర్లు తక్కువ. స్టీమ్‌లో 60 ఉన్నది అక్కడ 50. ఒకే కన్సోల్‌లో దొరికే ఎక్స్‌క్లూజివ్ గేమ్స్ లాగా కొత్త మెషీన్ కొనాల్సిన పని కూడా లేదు. అదే కంప్యూటర్, అదే గేమ్, డౌన్‌లోడ్ చేసుకోవాల్సింది ఒక ఉచిత లాంచర్, అంటే గేమ్స్ కొని నడిపించుకునే స్టోర్ యాప్. అయినా కొనేవాళ్లు మండిపడ్డారు. పాత మెట్రో గేమ్స్ పేజీల్లో నెగటివ్ రివ్యూలు కుప్పలుగా పడ్డాయి. చవగ్గా ఇస్తామంటే కోపం తెచ్చుకునే కొనుగోలుదారులు ఎక్కడైనా ఉంటారా?

ఉంటారు. ఎందుకంటే స్టీమ్ వాడేవాళ్లు అక్కడ కొంటున్నది గేమ్ ఒక్కటే కాదు. పదేళ్లుగా పోగైన లైబ్రరీ అక్కడుంది. స్నేహితుల లిస్టు అక్కడుంది. సేవ్ ఫైళ్లు, అచీవ్‌మెంట్లు, స్టీమ్ వర్క్‌షాప్ నుంచి పెట్టుకున్న మోడ్‌లు (గేమ్‌కి ఆటగాళ్లే చేసిన మార్పులు), ఏ గేమ్‌కి కంట్రోలర్ ఎలా సెట్ చేసుకున్నారన్న వివరాలు, ఎప్పుడు సేల్ వస్తుందా అని విష్‌లిస్టులో వేసి పెట్టుకున్న గేమ్స్, అన్నీ ఒకే అకౌంట్‌కి కట్టేసి ఉన్నాయి. వీటిలో ఏదీ మూట కట్టుకుని పక్క స్టోర్‌కి తీసుకెళ్లేది కాదు. చట్టం ప్రకారం చూస్తే అవి మన సొత్తు కూడా కాదు. డిజిటల్ ప్రొడక్ట్ కొనడమంటే దాని లైసెన్స్ తీసుకోవడమేనని 2024 అక్టోబర్ నుంచి స్టీమ్ తన కార్ట్ పేజీలోనే రాసి పెట్టింది. లైసెన్స్ అకౌంట్‌ది, అకౌంట్ స్టోర్‌ది. కాబట్టి ఇంకో స్టోర్‌లో కొన్న ప్రతి గేమూ పాత లైబ్రరీకి చెందని, విడిగా గుర్తుపెట్టుకోవాల్సిన వస్తువవుతుంది. పది డాలర్ల తగ్గింపు ఆ చిరాకుకి సరిపోలేదని జనం తేల్చి చెప్పారు.

ఇప్పుడు లైబ్రరీ మీద ఇంత మమకారం చూపిస్తున్న జనమే ఒకప్పుడు స్టీమ్‌ని ఇంతకంటే ఘోరంగా తిట్టారు. 2003 సెప్టెంబర్‌లో స్టీమ్ యజమాని వాల్వ్ దాన్ని తెచ్చినప్పుడు అది స్టోర్ కాదు, కౌంటర్ స్ట్రైక్ లాంటి సొంత గేమ్స్‌కి అప్‌డేట్లు పంపే సాఫ్ట్‌వేర్. 2004 నవంబర్‌లో హాఫ్ లైఫ్ 2 వచ్చింది. షాపులో డిస్క్ కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నా సరే, స్టీమ్ అకౌంట్ తెరిచి, ఇంటర్నెట్‌లో కనెక్టయితే తప్ప ఆట మొదలయ్యేది కాదు. విడుదల రోజు సర్వర్లు ఆ తాకిడికి తట్టుకోలేకపోయాయి. అంటే స్టీమ్ కూడా ఎక్స్‌క్లూజివ్‌తోనే ఇళ్లలోకి వచ్చింది. ఎపిక్ ఫోర్ట్‌నైట్‌తో చేసింది అచ్చం ఇదే: అందరూ ఆడాలనుకునే సొంత గేమ్‌ని తన లాంచర్‌లోనే పెట్టి, ఆ లాంచర్‌ని తర్వాత అంగడిగా మార్చింది.

వేరేవాళ్ల గేమ్స్‌ని స్టీమ్ తన చుట్టూ తిప్పుకున్న తీరు ఇంకా మెత్తగా సాగింది. 2008లో స్టీమ్‌వర్క్స్ అనే టూల్స్‌ని డెవలపర్లకు ఉచితంగా ఇచ్చింది. కాపీరైట్ రక్షణ, మల్టీప్లేయర్ కోసం ఆటగాళ్లను జత చేయడం, అచీవ్‌మెంట్లు, ఆటోమేటిక్ అప్‌డేట్లు, అన్నీ రెడీమేడ్‌గా. వాడుకున్నవాళ్ల గేమ్ ఎక్కడ కొన్నా నడవడానికి స్టీమ్ కావాలి. 2009లో కాల్ ఆఫ్ డ్యూటీ మోడర్న్ వార్‌ఫేర్ 2 ఇలాగే వచ్చింది. అప్పటి పోటీ డిజిటల్ స్టోర్లు డైరెక్ట్ టు డ్రైవ్, ఇంపల్స్, గేమర్స్ గేట్ ఆ గేమ్‌ని అమ్మేది లేదని మొండికేశాయి. అమ్మిన ప్రతి కాపీతో తమ కస్టమర్‌ని చేయి పట్టుకుని ఎదుటి అంగడికి పంపినట్టవుతుందన్నది వాళ్ల బాధ. ఆ బాధలో న్యాయం ఉంది. అమ్మకపోతే మాత్రం నష్టపోయింది వాళ్లే. ఇక్కడ ఎవరూ ఎవరికీ డబ్బులివ్వలేదు, ఎక్స్‌క్లూజివ్ అనే మాట ఏ కాంట్రాక్టులోనూ రాసుకోలేదు. ఫలితం మాత్రం అదే. అందుకే ఎపిక్ వచ్చాకే పీసీలో ఎక్స్‌క్లూజివ్‌లు మొదలయ్యాయనే మాట నిజం కాదు. ఎపిక్ చేసిందల్లా వాటిని బాహాటంగా, చెక్కులు రాసి కొనడం.

చెక్కులు ఎందుకు రాయాల్సి వచ్చిందో తెలియాలంటే కమిషన్ లెక్క చూడాలి. స్టీమ్ చాలాకాలంగా తీసుకునే వాటా 30 శాతం. ఎపిక్ 2018 డిసెంబర్ 6న స్టోర్ తెరుస్తూ 12 శాతం చాలంది. పైగా గేమ్స్ తయారీకి వాడే సాఫ్ట్‌వేర్ అన్‌రియల్ ఇంజిన్ దానిదే కాబట్టి, ఆ ఇంజిన్‌తో చేసిన గేమ్స్‌కి తన స్టోర్‌లో జరిగే అమ్మకాల మీద 5 శాతం రాయల్టీ కూడా వదిలేసుకుంది. 60 డాలర్ల గేమ్ తీసుకుందాం. స్టీమ్‌లో అమ్మితే 18 డాలర్లు స్టోర్‌కి పోతాయి. అన్‌రియల్ గేమ్ అయితే ఇంకో 3 డాలర్లు రాయల్టీ. చేతికొచ్చేది 39. అదే కాపీ ఎపిక్‌లో అమ్ముడైతే 7 డాలర్ల 20 సెంట్లు పోయి 52 డాలర్ల 80 సెంట్లు మిగులుతాయి. కాపీకి దాదాపు 14 డాలర్ల తేడా. పది లక్షల కాపీలు అమ్ముడయ్యే గేమ్‌కి అది కోటీ 38 లక్షల డాలర్లు. ఒక మధ్యతరహా స్టూడియోకి అది ఇంకో గేమ్ మొదలుపెట్టుకునేంత డబ్బు.

వినడానికి చాలా బాగుంది. కానీ ఇదే లెక్కని తిప్పి చూడాలి. సొంత ఇంజిన్ వాడే స్టూడియోకి స్టీమ్‌లో కాపీకి 42 డాలర్లు వస్తాయి. వంద కాపీలకు 4,200. ఆ మొత్తమే ఎపిక్‌లో రావాలంటే 80 కాపీలు అమ్మాలి. అంటే స్టీమ్ వదిలేసి వెళ్తే కొనేవాళ్లలో ఐదో వంతు వెంట రాకపోయినా ఆ లాభం మొత్తం ఆవిరే. జనం ఐదో వంతు మాత్రమే ఆగిపోతారని అనుకోవడానికి 2018లో ఏ పబ్లిషర్‌కీ ధైర్యం లేదు. తక్కువ కమిషన్ ఒక్కటే ఎవరినీ కదిలించదని గేమర్ల చాట్ యాప్ డిస్కార్డ్ కథ చెబుతుంది. అదే ఏడాది డిస్కార్డ్ సొంత గేమ్ స్టోర్ తెరిచింది. డిసెంబర్‌లో, ఎపిక్ ప్రకటన వచ్చిన కొద్ది రోజులకే, మేం 10 శాతమే తీసుకుంటామంది. గేమర్ల స్నేహితులందరూ అప్పటికే డిస్కార్డ్‌లోనే కబుర్లాడుకుంటున్నారు. ఇంతకంటే అనుకూలమైన చోటు ఇంకోటి ఉండదు. అయినా ఆ స్టోర్ ఏడాది తిరగకుండా మూతపడింది.

అందుకే ఎపిక్ కమిషన్‌తో ఆగలేదు. దాని అసలు ఆయుధం మినిమమ్ గ్యారంటీ. గేమ్ మా స్టోర్‌లో ఇంత అమ్ముడవుతుందని లెక్కేసి, ఆ మొత్తం స్టోర్ ముందే ఒప్పుకుంటుంది. అమ్మకాలు అంతకు చేరకపోయినా డబ్బు పబ్లిషర్‌దే. చేరితే, ఇచ్చిన అడ్వాన్స్ వసూలయ్యాక ఆపై అమ్మకాల్లో మామూలు వాటా మొదలవుతుంది. బయట దీన్ని లంచం అన్నారు. డెవలపర్ కుర్చీలోంచి చూస్తే ఇది ఇన్సూరెన్స్. నాలుగేళ్లు కష్టపడి చేసిన గేమ్ విడుదలైన వారంలో తేలుతుందో మునుగుతుందో తెలియని వ్యాపారంలో, మునిగినా జీతాలివ్వొచ్చు అనే హామీ చిన్న విషయం కాదు.

ఆ హామీల సైజు మామూలుగా బయటికి రాదు. కొన్ని మాత్రం వచ్చాయి. కంట్రోల్ గేమ్ పీసీ ఎక్స్‌క్లూజివ్ కోసం ఎపిక్ ఇచ్చింది సుమారు 95 లక్షల యూరోలని, ఆ గేమ్ పబ్లిషర్ మాతృసంస్థ డిజిటల్ బ్రోస్ ఆర్థిక నివేదికలో కనిపించింది. బోర్డర్‌ల్యాండ్స్ 3 లెక్క యాపిల్‌తో ఎపిక్ వేసుకున్న కేసు పుణ్యమా అని 2021లో కోర్టు కాగితాల్లో బయటపడింది. మొత్తం ప్యాకేజీ 14.6 కోట్ల డాలర్లు. అందులో బోర్డర్‌ల్యాండ్స్ 3 అమ్మకాల మీద గ్యారంటీయే 8 కోట్లు. ఆరు నెలల ఎక్స్‌క్లూజివ్‌కి ఇంత ఇవ్వడం పిచ్చితనంలా కనిపిస్తుంది గానీ, ఆ 8 కోట్లు మొదటి రెండు వారాల్లోనే వెనక్కి వచ్చేశాయి. అందరి విషయంలోనూ అలా జరగలేదు. అవే కాగితాల ప్రకారం స్టోర్ మీద 2019లో 18 కోట్ల డాలర్లకు పైగా నష్టం, 2020లో ఇంకో 27 కోట్లు పోతుందని అంచనా. 2023 చివర్లో గూగుల్ మీద కేసు విచారణలో కూడా, స్టోర్ ఇంకా లాభాల్లోకి రాలేదని ఎపిక్ మనిషే సాక్ష్యం చెప్పాడు.

ఈ డబ్బు వ్యవహారంలో గేమర్ల కోపం ఎక్కడ న్యాయమో, ఎక్కడ హద్దు దాటిందో విడదీసి చూడాలి. షెన్‌మ్యూ 3 సంగతి చూడండి. 2015లో జనం చందాలేసి మొదలుపెట్టించిన గేమ్ అది. పీసీ కాపీ స్టీమ్‌లో వస్తుందనే నమ్మకంతో డబ్బు కట్టారు. 2019 జూన్‌లో, అది ఎపిక్‌లోనే వస్తుందన్నారు. ఫీనిక్స్ పాయింట్‌ది కూడా ఇదే దారి. చందా వేసినవాడు కస్టమర్ కంటే ఒక మెట్టు పైన ఉన్న మనిషి. అతనికిచ్చిన మాటని మూడోవాడికి అమ్ముకోవడం తప్పే, ఎన్ని రిఫండ్లు ఇచ్చినా. ఈ రెంటిలోనూ రిఫండ్లు ఇచ్చారు, అది వేరే సంగతి. అటువైపు ఊబ్లెట్స్ ఉంది. ఇద్దరు మనుషులు చేస్తున్న చిన్న గేమ్. ఎపిక్ గ్యారంటీ తీసుకున్నామని, మీకు అసలు నచ్చకపోతే అంతగా బాధపడాల్సిన విషయమేమీ కాదని 2019 ఆగస్టులో కాస్త వెటకారంగా రాశారు. దానికి వాళ్ల మీదకి వచ్చినవి బెదిరింపులు, జాతిద్వేషపు తిట్లు. వెటకారానికి అది శిక్ష కాదు, గూండాయిజం. బోర్డర్‌ల్యాండ్స్ పాత గేమ్స్ మీద పడిన నెగటివ్ రివ్యూల వరదైతే ఇంకో మలుపు తీసుకుంది. గేమ్‌తో సంబంధం లేని రివ్యూలను స్కోరులోంచి తీసేసే కొత్త పద్ధతిని స్టీమ్ మొదటిసారి వాడింది అక్కడే. పోటీ స్టోర్‌కి వెళ్లిపోయిన పబ్లిషర్‌ని స్టీమే కాపాడాల్సి వచ్చిందన్నమాట.

ఎక్స్‌క్లూజివ్‌ని ఇంకోలా వాడుకున్నవాళ్లూ ఉన్నారు. హేడీస్ 2018 డిసెంబర్‌లో ఎపిక్ స్టోర్‌తో పాటే, అసంపూర్తి గేమ్‌గా, ఎర్లీ యాక్సెస్‌లో వచ్చింది. ఏడాది తర్వాత స్టీమ్‌కి చేరింది. 2020 సెప్టెంబర్‌లో పూర్తి వెర్షన్ విడుదలయ్యే సమయానికి దాదాపు రెండేళ్లు ఆడించి, సరిచేసి, మెరుగుదిద్దిన గేమ్ చేతిలో ఉంది. శాటిస్‌ఫ్యాక్టరీ కూడా 2019 మార్చిలో ఎపిక్‌లో మొదలై 2020 జూన్‌లో స్టీమ్‌కి వచ్చింది. వీళ్లకి ఎపిక్ ఏడాది అంటే తక్కువ జనం మధ్య చేసుకున్న రిహార్సల్, దానికి డబ్బులు కూడా ముట్టాయి. స్టీమ్ విడుదల రెండో ఓపెనింగ్. కొన్ని గేమ్స్‌కి ఇంతకంటే మంచి బేరం దొరకదు.

మరి ఇంత ఖర్చుతో ఎపిక్ కొన్నదేమిటి? స్టోర్ లోపలికి అడుగుపెట్టినవాడికి మొదట్లో ఏం కనిపించిందో చూస్తే కొంత అర్థమవుతుంది. షాపింగ్ కార్ట్ లేదు. అక్షరాలా లేదు. మూడు గేమ్స్ కొనాలంటే మూడుసార్లు విడివిడిగా చెల్లించాలి. 2019 మేలో పెట్టిన మెగా సేల్‌లో ఇది నవ్వులాటగా మారింది. వెంటవెంటనే వరసగా గేమ్స్ కొన్నవాళ్లని సిస్టమ్ దొంగ కార్డు వ్యవహారంగా అనుమానించి అకౌంట్ బ్లాక్ చేసింది. బుద్ధిగా డబ్బు ఖర్చు పెడుతున్న కస్టమర్‌ని! అదే సేల్‌లో ఎపిక్ తన జేబులోంచి గేమ్‌కి పది డాలర్లు తగ్గిస్తే, తమ గేమ్ విలువ పడిపోతుందని కొందరు పబ్లిషర్లు గేమ్స్‌ని కొన్నాళ్లు వెనక్కి తీసుకున్నారు. కార్ట్ చివరికి 2021 డిసెంబర్‌లో వచ్చింది, స్టోర్ తెరిచిన మూడేళ్లకి. కోట్ల డాలర్ల గ్యారంటీలు రాసిచ్చే కంపెనీకి కార్ట్ కట్టడం చేతకాక కాదు. దాని దృష్టి అంతా డెవలపర్ల మీదే ఉంది. కొనేవాడు ఎలాగూ గేమ్ వెంట వస్తాడని నమ్మింది.

కొనేవాడు వచ్చాడు. వచ్చి, ఉచితంగా ఇచ్చేవి తీసుకుని వెళ్లాడు. వారం వారం ఉచిత గేమ్ పథకం ఎపిక్‌కి ఎక్స్‌క్లూజివ్‌ల కంటే చవగ్గా పడింది. మొదటి ఉచిత గేమ్ సబ్‌నాటికాకి ఇచ్చింది 14 లక్షల డాలర్లు. మొదటి తొమ్మిది నెలల ఉచిత గేమ్స్ అన్నిటికీ కలిపి ఖర్చు 1.2 కోట్ల లోపే. 2020 మేలో జీటీఏ 5 ఉచితమనేసరికి స్టోర్ సైట్ గంటల తరబడి కుప్పకూలింది. అకౌంట్ల సంఖ్య బ్రహ్మాండంగా పెరిగింది: ఎపిక్ తానే చెప్పుకున్న లెక్కల ప్రకారం పీసీ యూజర్లు 2019లో 10.8 కోట్లు, 2024లో 29.5 కోట్లు. ఇప్పుడు ఇంకో వరస చూడండి. ఎపిక్ సొంత గేమ్స్ కాకుండా బయటివాళ్ల గేమ్స్ మీద ఆ స్టోర్‌లో జనం ఖర్చు పెట్టింది 2019లో 25.1 కోట్ల డాలర్లు. 2024లో 25.5 కోట్లు. ఐదేళ్లలో తలుపు దాటినవాళ్లు దాదాపు మూడింతలయ్యారు, గల్లాపెట్టె మాత్రం ఉన్నచోటే ఉంది. ఎక్స్‌క్లూజివ్ కోసం వచ్చినవాడు ఆ ఒక్క గేమ్ ఆడి, తర్వాతి గేమ్ కొనడానికి తిరిగి స్టీమ్‌కే వెళ్లాడని చెప్పడానికి ఇంతకంటే వేరే రుజువు అక్కర్లేదు.

ఇది ఒక్క ఎపిక్ తలనొప్పి కాదు. సొంత గేమ్స్ దండిగా ఉన్న పెద్ద పబ్లిషర్లు కూడా ఇదే గోడకి తల కొట్టుకున్నారు. ఈఏ 2011లో ఆరిజిన్ అనే సొంత స్టోర్ పెట్టుకుని కొత్త గేమ్స్‌ని స్టీమ్‌కి దూరం చేసింది. 2019 చివర్లో తిరిగొచ్చింది. బెథెస్డా 2018లో ఫాలౌట్ 76ని సొంత లాంచర్‌కే పరిమితం చేసింది, 2022లో ఆ లాంచర్‌నే మూసేసి లైబ్రరీలను స్టీమ్‌కి బదిలీ చేసింది. యూబీసాఫ్ట్ 2019లో వెళ్లి 2022 చివర్లో వచ్చింది. కాల్ ఆఫ్ డ్యూటీ కూడా నాలుగేళ్లు బ్యాటిల్ నెట్ అనే లాంచర్‌లో ఉండి 2022లో వచ్చేసింది. విడిచిపెట్టినప్పుడు అందరూ అదే 30 శాతం మిగుల్చుకుందామనే వెళ్లారు. ఆ 30 శాతంలో కొంత భాగం నిజంగా జనసమ్మర్దానికి కట్టే అద్దె అని తెలుసుకుని వచ్చారు. సేల్ పెట్టగానే విష్‌లిస్టులో పెట్టుకున్న లక్షల మందికి ఈమెయిల్ వెళ్లే చోటు ఇంకోటి లేదు. అయితే చిన్న స్టూడియోలకు ఆ జనసమ్మర్దమే శాపం కూడా. 2024లో స్టీమ్‌లోకి 18 వేలకు పైగా గేమ్స్ వచ్చాయి. అందులో ఎవరి కంటా పడకుండా పోయినవాటికీ వాటా మాత్రం 30 శాతమే.

ఇక్కడ మామూలుగా ఎవరూ గట్టిగా అడగని ప్రశ్న ఒకటుంది. ఎపిక్ 12 శాతమే తీసుకుంటున్నప్పుడు, అక్కడ గేమ్ స్టీమ్ కంటే చవగ్గా ఎందుకు దొరకదు? మెట్రో ఎక్సోడస్ లాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతా అన్నిచోట్లా 60 అంటే 60, రెండు స్టోర్లలోనూ. మామూలు అంగళ్ల పోటీలో ఖర్చు తక్కువున్నవాడు ధర తగ్గించి కస్టమర్‌ని లాక్కుంటాడు. ఇక్కడ ఆ పని జరగడం లేదు. ధర నిర్ణయించేది స్టోర్ కాదు, పబ్లిషర్. తగ్గిన కమిషన్ని కొనేవాడికి పంచడం కంటే జేబులో వేసుకోవడమే పబ్లిషర్‌కి సుఖం. ఇది ఒక కారణం.

రెండో కారణం కోర్టులో ఉంది. స్టీమ్ తన డెవలపర్లకు ఉచితంగా కీలు, అంటే గేమ్‌ని స్టీమ్ అకౌంట్‌లో చేర్చుకునే కోడ్‌లు, ఇస్తుంది. వాటిని వేరే సైట్లలో అమ్ముకుంటే వాల్వ్‌కి పైసా వాటా ఉండదు. నిజానికి ఇది ఉదారమైన ఏర్పాటే. షరతు ఏమిటంటే, స్టీమ్ కస్టమర్‌కి దక్కని తగ్గింపు ఆ కీలు కొనేవాళ్లకి ఇవ్వకూడదు. కీల వరకు ఇది సబబే, డౌన్‌లోడ్ ఖర్చు స్టీమే భరిస్తోంది కదా. కానీ కీలతో సంబంధం లేకుండా, పూర్తిగా వేరే స్టోర్‌లో అమ్మే కాపీలకు కూడా ఇదే ధర ఉంచాలని వాల్వ్ ఒత్తిడి చేస్తోందన్నది వుల్ఫైర్ గేమ్స్ ఆరోపణ. 2010లో గేమ్స్‌ని కట్టలుగా అమ్మే హంబుల్ బండిల్‌ని మొదలుపెట్టింది ఈ స్టూడియో మనుషులే కాబట్టి, కీల వ్యాపారం వాళ్లకి కొట్టినపిండి. 2021లో వేసిన కేసుని జడ్జి మొదట కొట్టేశారు. సవరించి వేసిన దాన్ని 2022లో ముందుకు సాగనిచ్చారు. 2024 నవంబర్‌లో దాన్ని స్టీమ్‌లో గేమ్స్ అమ్మే డెవలపర్లందరి తరఫు క్లాస్ యాక్షన్‌గా గుర్తించారు. వాల్వ్ ఆరోపణల్ని ఒప్పుకోవడం లేదు.

ఈ కేసు తేలే తీరు మీద ఆధారపడి ఎక్స్‌క్లూజివ్‌ల చర్చ మొత్తం తలకిందులు కావొచ్చు. వేరే చోట ధర తగ్గిస్తే స్టీమ్‌లో ఇబ్బంది వస్తుందనే భయం నిజమైతే, పోటీ స్టోర్‌కి ధర అనే ఆయుధం మొదటి నుంచే లేనట్టు. ధరతో కొట్టలేనివాడు చేయగలిగింది ఒక్కటే, ఆ వస్తువు ఎదుటివాడి అంగట్లో లేకుండా చూడటం. అప్పుడు ఎక్స్‌క్లూజివ్‌లు పోటీకి అడ్డంకి కాదు, ధరల పోటీ లేని చోట మొలిచిన ప్రత్యామ్నాయం. ఎక్స్‌క్లూజివ్‌లని తిట్టే గేమర్లు నిజంగా అడగాల్సింది, ఒకే గేమ్ రెండు చోట్ల రెండు ధరలకి దొరికే మార్కెట్‌ని. అది దొరికితే ఇంకో లాంచర్ మీద చిరాకు ఎంత సేపు నిలుస్తుందో చూడాలి.

పోటీ వల్ల ఏమీ జరగలేదని కాదు. ఎపిక్ స్టోర్ ప్రకటనకి కొద్ది రోజుల ముందు, 2018 నవంబర్ 30న, వాల్వ్ తన వాటా పద్ధతి మార్చింది. గేమ్ కోటి డాలర్ల అమ్మకం దాటాక 25 శాతం, 5 కోట్లు దాటాక 20 శాతం. గమనించాల్సింది దిశ. తగ్గింపు పెద్దవాళ్లకి, పూర్తి భారం చిన్నవాళ్లకి. వెళ్లిపోయే శక్తి ఉన్నవాళ్లని ఆపడానికి వేసిన లెక్క అది. ఎపిక్ తర్వాత సరిగ్గా తలకిందులుగా వెళ్లింది. 2025 జూన్ నుంచి ఒక్కో గేమ్ ఏడాదికి సంపాదించే మొదటి పది లక్షల డాలర్ల మీద దాని వాటా సున్నా. మైక్రోసాఫ్ట్ కూడా 2021 ఆగస్టు నుంచి పీసీ గేమ్స్ మీద 12 శాతానికి దిగింది. స్టీమ్ అందరికీ శాశ్వతంగా 88 శాతం వాటా ఇస్తే ఎక్స్‌క్లూజివ్‌లు ఆపేస్తామని ఎపిక్ అధిపతి టిమ్ స్వీనీ 2019లోనే బహిరంగంగా చెప్పాడు. వాల్వ్ ఆ మాట పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సిన అవసరం దానికి రాలేదు కూడా.

కొనేవాళ్లకి దక్కిన మేలు చూస్తే, రిఫండ్ ఉదాహరణ బాగుంటుంది. ఈఏ తన గేమ్స్‌కి 2013లోనే రిఫండ్ మొదలుపెట్టింది. ఆస్ట్రేలియాలో వినియోగదారుల సంస్థ 2014లో వాల్వ్ మీద కేసు వేసింది. 2015 జూన్‌లో స్టీమ్, కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపైతే డబ్బు వాపసిస్తామంది. కొంత పోటీ, కొంత కోర్టు భయం, రెండూ కలిస్తే వచ్చిన సౌకర్యం ఇది. ఏ ఎక్స్‌క్లూజివ్ ఒప్పందమూ కొనేవాడికి ఇంత చేయలేదు.

ఈ కొట్లాటకి దూరంగా ఉన్న చిన్న స్టోర్ల సంగతి కూడా ఒక మాట. 2008లో మొదలైన జీఓజీ, లాక్‌లు లేని ఇన్‌స్టాలర్ ఫైళ్లు ఇస్తుంది. డౌన్‌లోడ్ చేసి దాచుకుంటే రేపు స్టోర్ ఉన్నా లేకపోయినా గేమ్ నడుస్తుంది. ఇచ్.ఐఓలో వాటా ఎంతో డెవలపరే నిర్ణయించుకోవచ్చు, సున్నా పెట్టుకున్నా ఎవరూ అడగరు. ఇవి ఎవరి గేమ్‌నీ లాక్కోవు. వీటికి వచ్చేవాళ్లు వేరే కారణంతో వస్తారు.

ఎపిక్ ఇప్పుడు గేమ్స్ కొనడం చాలావరకు తగ్గించింది. 2023 సెప్టెంబర్‌లో తన ఉద్యోగుల్లో 16 శాతాన్ని తీసేసిన కంపెనీ పాత స్థాయిలో చెక్కులు రాయలేదు. వాటి బదులు ఆ ఏడాదే ఒక పథకం పెట్టింది: ఆరు నెలలు ఎక్స్‌క్లూజివ్‌గా ఉంటే ఆ ఆరు నెలల ఆదాయం మొత్తం డెవలపర్‌దే. గ్యారంటీ లేదు, అంటే ఇన్సూరెన్స్ పోయింది. పాత ఎక్స్‌క్లూజివ్‌లు ఒక్కొక్కటీ స్టీమ్‌కి చేరుతున్నాయి. కింగ్‌డమ్ హార్ట్స్ గేమ్స్ మూడేళ్లు ఆగి 2024 జూన్‌లో వచ్చాయి.

రానిది ఒకటుంది. అలన్ వేక్ 2. 2023 అక్టోబర్‌లో పీసీలో ఎపిక్‌లో మాత్రమే విడుదలైంది. దీనికి గడువు తేదీ ఏదీ ప్రకటించలేదు. కారణం వేరు. మెట్రో ఎక్సోడస్ ఎపిక్ డబ్బు ఉన్నా లేకపోయినా వచ్చేదే, విడుదలకు మూడు వారాల ముందు దాన్ని పక్కకి తిప్పారంతే. అలన్ వేక్ 2కి మొదటి నుంచి పబ్లిషర్ ఎపిక్కే, తయారీ ఖర్చూ దానిదే. రెమెడీ స్టూడియోకి రాయల్టీలు మొదలవ్వాలంటే ముందు ఆ ఖర్చు మొత్తం వసూలు కావాలి. అమ్మకాలు ఇరవై లక్షలకు చేరే సమయానికి గానీ అది జరగలేదు. స్టీమ్‌లో ఉండి ఉంటే ఇంకా ముందే జరిగేదని చాలామంది లెక్కలేశారు. నిజమే కావొచ్చు. అయితే ఆ డబ్బు పెట్టడానికి అప్పట్లో ముందుకొచ్చింది గేమ్‌ని అమ్ముకుందామనుకున్న స్టోరే.